ద్రాక్ష తిన్నాడు, ఏమీ కాలేదు. అయినా రక్తపరీక్ష ఎందుకంటే...

అమ్మా, మీరు రాసినది నాకు అర్థమైనంతలో ఇదీ. మీది గుంతకల్లు. మీ రాకీ లాబ్రడార్ కుక్క, 24 కిలోలు. ఆదివారం సాయంత్రం మీ మామగారు ద్రాక్ష తింటూ పక్కన కూర్చున్న వాడికీ పది పన్నెండు కాయలు పెట్టారు. ఆ తర్వాత మీరు ఫోన్‌లో ఎక్కడో అది విషమని చదివారు, అప్పటి నుంచీ టెన్షన్. ఇవాళ మంగళవారం, రాకీ మామూలుగానే తిరుగుతున్నాడు. "మా కాలంలో కుక్కలు అన్నీ తినేవి, ఏ కుక్క చచ్చింది?" అని మామగారు నవ్వుతున్నారు. ఇంట్లో పిల్లి కర్బూజ కోస్తే చాలు కాళ్లకు చుట్టుకుంటోంది. అసలు వీటికి ఏ పండు పెట్టొచ్చు, ఏది కూడదు అని మీ ప్రశ్న.

ముందు రాకీ సంగతి చూద్దాం, మిగతాది తర్వాత.

ఇవాళే రక్తపరీక్ష చేయించండి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, యూరియా చూస్తే చాలు. మీ ఊళ్లో పశువులకు ప్రత్యేకంగా ల్యాబ్ లేకపోయినా, డాక్టరు రక్తం తీసి ఇస్తే మనుషుల ల్యాబ్‌లోనూ ఈ పరీక్ష చేస్తారు. మేం చాలాసార్లు అలాగే చేయిస్తాం. క్రియాటినిన్ సుమారు 1.5 లోపు వస్తే మంచిదే. అయినా రేపు ఇంకోసారి చూడాలి, ఎందుకంటే అంకె ఎంత ఉందన్నదానికన్నా పెరుగుతోందా లేదా అన్నది ముఖ్యం. ఈలోగా వాడు ఎన్నిసార్లు మూత్రం పోస్తున్నాడో, ఎంత పోస్తున్నాడో గమనించండి. ద్రాక్ష దెబ్బ కొట్టేది కిడ్నీల మీద. ముందు వాంతులు, అవి మామూలుగా మొదటి 24 గంటల్లోనే వస్తాయి. తర్వాత తిండి మీద ధ్యాస పోతుంది, మూలన పడుకుంటుంది. ఒకటి నుంచి మూడు రోజుల్లో మూత్రం తగ్గుతుంది. పూర్తిగా ఆగిపోయిన కుక్కను బతికించడం చాలా కష్టం. మీవాడికి ఒక్క వాంతి కూడా కాలేదన్నారు కాబట్టి బహుశా గండం గడిచినట్టే. "బహుశా" దగ్గర ఆగిపోవడం నాకు ఇష్టం లేదు, అందుకే పరీక్ష అంటున్నాను.

ఇక మీ మామగారి మాట. ఆయన చెప్పేది అబద్ధం కాదు. నేను అనంతపురంలోనూ, అంతకుముందు తాడిపత్రి వైపు పల్లెల్లోనూ కలిపి 26 ఏళ్లుగా పశువుల డాక్టరుగా ఉన్నాను. ద్రాక్ష తిని హాయిగా తిరిగిన కుక్కల్ని నేనూ చూశాను. చిక్కంతా అక్కడే ఉంది. కుక్కల్లో ద్రాక్ష వల్ల కిడ్నీలు పోతున్నాయని అమెరికా డాక్టర్లు 2001లో రాశారు. ఆ తర్వాత ఇరవై ఏళ్ల దాకా ద్రాక్షలో ఏది విషమో ఎవరికీ అంతు చిక్కలేదు. ఒక కుక్క గుప్పెడు తిని చచ్చిపోతుంది, ఇంకోటి కిలో తిని తోక ఊపుతుంది. లెక్క కుదరలేదు. 2021లో అక్కడి జంతువుల విషచికిత్స కేంద్రం డాక్టర్లు ఒక కారణం చెప్పారు. టార్టారిక్ ఆమ్లం, దాని లవణాలు. కేకుల్లో వాడే క్రీమ్ ఆఫ్ టార్టార్ కలిపి ఇంట్లో చేసిన ఆటమట్టిని తిన్న కుక్కకు అచ్చం ద్రాక్ష తిన్నట్టే కిడ్నీలు పాడైతే, అక్కడ దారం దొరికింది వాళ్లకు. ఈ ఆమ్లం ద్రాక్ష రకాన్ని బట్టి, పండిన తీరును బట్టి, నేలను బట్టి మారుతుంది. అంటే పోయిన వారం గుత్తికీ ఈ వారం గుత్తికీ సంబంధం లేదు. పోయిన ఏడాది తిని ఏమీ కాని కుక్కకు ఈ ఏడాది కావచ్చు. నల్లదైనా, పచ్చదైనా, గింజలు లేనిదైనా, తోలు తీసినా ఒకటే. ఎండుద్రాక్షలో నీరు పోయి సరుకంతా చిక్కబడి ఉంటుంది కాబట్టి అది ఇంకా చెడ్డది. సేమ్యా పాయసంలో, లడ్డులో, కేసరిలో కనిపించే కిస్మిస్ కూడా ఇదే. రంజాన్ మరుసటి రోజు పక్కింటి నుంచి వచ్చిన షీర్ ఖుర్మా గిన్నె నాకిందని పోయిన ఏడాది ఇద్దరు ఫోన్ చేశారు. గిన్నె అడుగున మిగిలేది కిస్మిస్సే కదా.

టార్టారిక్ ఆమ్లం అనగానే మనవాళ్లకు గుర్తు రావలసింది ద్రాక్ష కాదు, చింతపండు. దాని గుజ్జులో నూటికి 8 నుంచి 18 పాళ్ల దాకా అదే ఉంటుంది. చింతపండు తిన్న కుక్కలకూ అదే రకంగా కిడ్నీలు దెబ్బతిన్నాయని తర్వాత రాశారు. పులిహోర మెతుకులు నాలుగు నాకిందని మిమ్మల్ని ఆస్పత్రికి పరిగెత్తమనను. పులుసన్నం రోజూ పెట్టడం మాత్రం మానేయండి. చింతపండు కొట్టే రోజుల్లో చాపల మీద ఆరబోసిన పండు దగ్గరకు కుక్కను రానివ్వొద్దు. ఉప్పు కలిపిన చింతపండు ముద్దను లాబ్రడార్ వదలదు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేయాలి. పల్లెల్లో కుక్క ఏదైనా తినరానిది తింటే వాంతి చేయించాలని ఉప్పునీళ్లో, చింతపండు రసమో పట్టిస్తారు. చింతపండు రసం ఎందుకు కూడదో ఇప్పుడు చెప్పనక్కర్లేదు. ఉప్పునీళ్లు అంతకన్నా తక్కువేం కాదు. వాంతి కాకుండా లోపల నిలిస్తే రక్తంలో ఉప్పు పెరిగి ఫిట్స్ వస్తాయి. ఈసారి ఇలాంటిది జరిగితే ఇంట్లో ఏ వైద్యమూ చేయకండి. తిన్న రెండు గంటల్లోపు డాక్టరు దగ్గరికి చేరితే ఇంజెక్షన్‌తో వాంతి చేయించి, రెండు రోజులు సెలైన్ ఎక్కిస్తే చాలావరకు బయటపడతాయి. ఎవరూ దొరకకపోతే 1962కి ఫోన్ చేయండి. అది ప్రధానంగా ఊళ్లలో గొడ్లూ గొర్రెల కోసం పెట్టిన ఉచిత నంబరే అయినా, దగ్గర్లో ఏ డాక్టరు ఉన్నారో తెలుస్తుంది.

ద్రాక్ష మీద ఇంత చెప్పాను గానీ, మన జిల్లాలో కుక్కల్ని పండ్లతో ఆస్పత్రికి తెచ్చే కేసుల్లో ఎక్కువ విషానివి కావు. టెంకవి. దీనికి నా సొంత కథే ఉంది.

మా తోట తాడిపత్రి దగ్గర. చీనీ (బత్తాయి) చెట్లు, గట్టు మీద ఏడు మామిడి చెట్లు. అక్కడ కరియ అని నల్ల నాటుకుక్క ఉండేది. ఎండాకాలమంతా రాలిన మామిడికాయలు తిని, టెంక పక్కన వదిలేసేది. నాలుగేళ్లు అలాగే గడిచింది. "మా కరియ తెలివైంది, టెంక మింగదు" అని నేనే నలుగురికీ చెప్పేవాణ్ణి. ఐదో ఏడు పక్క తోట కుక్కలు రెండు వచ్చి చేరాయి. పోటీ వచ్చేసరికి ఏ కుక్కయినా నమలదు, మింగుతుంది. మే నెల, ఎండ 42 డిగ్రీలు. పొద్దున నాలుగుసార్లు కక్కింది, నీళ్లు తాగితే అవీ కక్కింది. వడదెబ్బ అనుకున్నాను. సెలైన్ పెట్టి, చెట్టు కింద తడిగుడ్డ కప్పి, పొరుగూళ్లో బర్రెల టీకాల పని చూసుకోవడానికి వెళ్లాను. సాయంత్రం వచ్చేసరికి కరియ ముందు కాళ్లు నేలకు చాపి, నడుము పైకెత్తి, సాష్టాంగం పెట్టబోయి మధ్యలో ఆగిపోయినట్టు నిలబడి ఉంది. ఆ భంగిమ కడుపునొప్పికి గుర్తని చదువుకున్న మొదటి ఏడాదే చెబుతారు. నేను అప్పుడు గానీ పొట్ట నొక్కి చూడలేదు. చిన్న పేగులో అరచేయంత గట్టి బిళ్ల. ఎక్స్‌రేలో టెంక సరిగా కనిపించదు, పేగు ఉబ్బు మాత్రం కనిపిస్తుంది. రాత్రి పదకొండుకు అనంతపురంలో నా క్లాస్‌మేట్ కోసి తీశాడు. టెంక చుట్టూ పీచు పేగు గోడకు అతుక్కుని, అక్కడ జానెడు మేర రంగు మారింది. ఆ ముక్క కోసి కుట్టాల్సి వచ్చింది. బతికింది, ఇంకో నాలుగేళ్లు ఉంది. కానీ ఆ రోజు పొద్దుననే పొట్ట నొక్కి ఉంటే పేగు కోసే పని ఉండేది కాదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. మా ఇంట్లో డాక్టరు కూడా అంతే అయ్యాడు.

అందుకే "ఇంతకుముందు తిన్నాడు, ఏమీ కాలేదు" అనే మాట వింటే నాకు భయం. ద్రాక్షకైనా, టెంకకైనా అదే మాట.

సరే, ఇక ఏది పెట్టొచ్చో చూద్దాం. మామిడి గుజ్జు పెట్టొచ్చు. తోలూ టెంకా తీసి, వేలెడు ముక్కలు రెండు మూడు. కార్బైడ్ వేసి మగ్గబెట్టడం నిషేధమే అయినా అంగట్లో కాయ ఎలా వచ్చిందో మనకు తెలియదు, కడిగి తోలు తీస్తే చాలు. అరటి మంచిదే, మన నార్పల, పులివెందుల అరటి ఎటూ ఇంట్లో ఉంటుంది. కాకపోతే 100 గ్రాముల్లో 90 కేలరీల దాకా ఉంటాయి. బొప్పాయి పండినది, గింజలు తీసి పెట్టండి. మలబద్ధకం ఉన్న ముసలి కుక్కకు నేను చెప్పే మొదటి పండు అదే. పచ్చి బొప్పాయి పాలు నోరూ కడుపూ మంటపెడతాయి, అది వద్దు. జామ పెట్టొచ్చు, బాగా పండినది, గింజల మధ్యభాగం తీసేస్తే మంచిది. ఆపిల్ మధ్య తొడిమా గింజలూ తీసి పెట్టండి. గింజల్లో సైనైడ్ పుట్టించే పదార్థం ఉన్న మాట నిజమే గానీ, రెండు గింజలు మింగితే ప్రాణం పోదు, ఆ టెన్షన్ వద్దు. మధ్య గట్టిభాగం గొంతులో ఇరుక్కోవడం అంతకన్నా నిజమైన ప్రమాదం.

ఎండాకాలంలో అన్నిటికన్నా నాకు ఇష్టమైనది కళింగర, అదే పుచ్చకాయ. గింజలూ పచ్చతోలూ తీసి, ఎర్రభాగం చిన్న ముక్కలు ఫ్రిజ్‌లో గడ్డకట్టించి, మధ్యాహ్నం నాలుగు ముక్కలు వేస్తే రాకీ లాంటి బొచ్చుకుక్కకు ప్రాణం లేచొస్తుంది. 100 గ్రాములకు 30 కేలరీలే. పచ్చతోలు మాత్రం టెంక లాంటిదే, లోపల అడ్డుపడుతుంది.

సపోటా విషయంలో జాగ్రత్త. గింజను ఒకసారి చేతిలో పట్టుకుని చూడండి, నల్లగా నున్నగా ఉన్నా ఒక కొసన చిన్న కొక్కెం ఉంటుంది. అది గొంతులో పట్టుకుంటుంది. గుజ్జు పెట్టండి, గింజ మీ చేత్తో తీశాకే. సీతాఫలం కొండల నుంచి గంపల్లో వచ్చే రోజుల్లో ఇంకో తలనొప్పి. గుజ్జు మంచిదే, గింజ నమిలితేనే విషం. ఆ గింజల పొడినే తలలో పేలకు వాడేవాళ్లు. కొంతమంది దాన్నే కుక్కకు గోమార్ల (పిడుదుల) మందుగా రాస్తారు. కంట్లో పడితే కనుగుడ్డు పై పొర పుండు పడుతుంది. దయచేసి ఆ పని చేయకండి, గోమార్లకు మంచి మాత్రలే ఉన్నాయి.

రేగిపండ్లు, నేరేడు, ఖర్జూరం మూడింటికీ ఒకే నియమం, గింజ తీసి పెట్టండి. దానిమ్మ కొన్ని కుక్కలకు పడదు, గింజలు ఓ చెంచాడు పెట్టి చూడండి, వాంతి చేసుకుంటే మళ్లీ వద్దు. పండిన టమాట పర్వాలేదు, పచ్చికాయా ఆకులూ కాదు. బెంగళూరు నుంచి ఎవరైనా బటర్ ఫ్రూట్ (అవకాడో) తెస్తే కుక్కకు కొవ్వు ఎక్కువై కడుపు చెడుతుంది, పెద్ద గింజ అడ్డుపడుతుంది. ఇంట్లో చిలకలో, పెరట్లో మేకలో ఉంటే ఆ పండును వాటి దగ్గరకు అస్సలు రానివ్వకండి, వాటికి అది నిజంగానే విషం.

చీనీ గురించి అడగలేదు గానీ, అనంతపురంలో ఉండి చెప్పకపోతే ఎలా? తోలూ తెల్లపొరా గింజలూ తీసి రెండు తొనలు కుక్కకు ఇస్తే ఏమీ కాదు. చాలా కుక్కలు పులుపుకు మొహం తిప్పుకుంటాయి. ప్రమాదం పండులో కాదు, తోటలో. రసం పీల్చే రెక్కల పురుగుకు బెల్లంలో మలాథియాన్ పురుగుమందు కలిపి సీసాల్లో కడతారు కదా, తీపి వాసనకు కుక్క వచ్చి నాకుతుంది. చొంగ ధారగా కారడం, కంటిపాప సూదిమొనంత కావడం, కండలు అదరడం కనిపిస్తే ఒక్క నిమిషం ఆగకండి. పశువైద్యశాలలో అట్రోపిన్ ఇంజెక్షన్ ఉంటుంది, సమయానికి పడితే లేస్తుంది. సీసా కుక్క అందుకోలేనంత ఎత్తులో కట్టండి, కిందపడ్డవి ఏరేయండి. చెట్టు కింద రాలి పులిసిన పండ్లు తిని తూలుతూ నడిచిన కుక్కల్నీ చూశాను. జనం చూసి నవ్వుతారు గానీ అది సారా తాగినట్టే, చిన్న కుక్కకు ప్రాణం మీదికి వస్తుంది.

ఇప్పుడు మీ పిల్లి. పిల్లికి తీపి తెలియదమ్మా. తీపిని గుర్తుపట్టే జన్యువు దానిలో చెడిపోయి ఉందని 2005లో తేల్చారు. మరి కర్బూజ కోసం అంత గోల ఎందుకంటే, అది వచ్చేది వాసనకు. కర్బూజ వాసనలో మాంసం వాసనకు దగ్గరగా ఉండేవి కొన్ని ఉన్నాయంటారు. మా ఇంటి పిల్లీ అంతే, కత్తి తీసి దోస కోస్తే రాదు, కర్బూజ కోస్తే మిద్దె మీద నుంచి దూకి వస్తుంది. బొటనవేలి గోరంత ముక్క గింజలు లేకుండా పెట్టండి, నాకి వదిలేస్తుంది. కుక్కకు చెప్పిన కొలత పిల్లికి వర్తించదు.

పిల్లికి నేను భయపడేది రెండిటికి. ఒకటి, నిమ్మ, చీనీ తోలు నూనె. ఈగలు, దోమలు పోతాయని, పేలు రాలతాయని నిమ్మరసం రుద్ది స్నానం చేయిస్తారు కొందరు. పిల్లి కాలేయం ఆ నూనెల్ని విరగ్గొట్టలేదు, పైగా ఒళ్లంతా తనే నాక్కుంటుంది. వణుకుతూ, చొంగ కారుస్తూ తెస్తారు. రెండోది పండు తప్పు కాదు, ఇంటి అలవాటు. శాకాహారుల ఇళ్లలో పిల్లికి పెరుగన్నం, అరటిపండు, పాలు పెట్టి ముద్దుగా పెంచుతారు. పిల్లికి టారిన్ అనే పోషకం తిండిలోంచే రావాలి, అది మాంసం, చేపల్లో ఉంటుంది గానీ అన్నంలోనూ పండులోనూ ఉండదు. అది లేకపోతే కళ్లు పోతాయి, గుండె కండరం పలచబడి ఉబ్బిపోతుంది. ఈ గుండె సంగతి 1987లో బయటపడ్డాకే అంగట్లో దొరికే పిల్లి తిండిలో టారిన్ పాలు పెంచారు. మీ ఇంట్లో మాంసం వండకపోతే కనీసం పిల్లుల కోసమే చేసిన గింజల తిండి పెట్టండి. కర్బూజ అందుకు బదులు కాదు.

రాకీకి ఎంత పండు అంటే, 24 కిలోల కుక్కకు రోజుకు సుమారు 1200 కేలరీలు కావాలి. చిరుతిళ్లన్నీ కలిపి అందులో పదో వంతు దాటకూడదు, అంటే 120. ఒక పెద్ద అరటిపండుతో అది అయిపోతుంది. బిస్కెట్టో, చపాతీ ముక్కో కూడా అదే లెక్కలోకి వస్తుంది కాబట్టి, నేనైతే సగం అరటిపండుతోనో, ఓ గిన్నెడు కళింగర ముక్కలతోనో ఆపుతాను. లాబ్రడార్ ఎటూ ఊరికే లావెక్కుతుంది. సుగర్ ఉన్న కుక్కకు, కిడ్నీ జబ్బున్న కుక్కకు ఈ లెక్క వేరు, డాక్టరును అడగకుండా అరటి కూడా పెట్టొద్దు.

మీ మామగారితో వాదించకండి. ఆయన చేత్తో వాడికి ఏదో ఒకటి పెట్టాలన్నది ప్రేమే. ఫ్రిజ్‌లో కళింగర ముక్కలు ఒక డబ్బాలో పెట్టి, "రాకీది ఇది" అని చూపించండి. ద్రాక్ష పళ్లెం మాత్రం టీపాయ్ మీద కాకుండా ఎత్తులో ఉండనివ్వండి.

క్రియాటినిన్ ఎంత వచ్చిందో సాయంత్రానికి రాయండి. ఈలోగా వాంతి అయినా, అన్నం ముట్టకపోయినా రేపటిదాకా ఆగొద్దు, రాత్రయినా సరే డాక్టరును లేపండి.